బోయిన్ నది దాటిన వేటపక్షులు

డబ్లిన్ నుంచి బెల్‌ఫాస్ట్ వెళ్లే రైలు డ్రొహెడా దగ్గర బోయిన్ నదిని దాటుతుంది. నీటికి సుమారు 30 మీటర్ల ఎత్తున అక్కడ 1855లో ఇనుప వంతెన కట్టారు. ఐర్లండ్ గర్వపడిన కట్టడం అది. డెబ్బై ఏళ్లు గడిచేసరికి, ఆ మార్గంలో రైళ్లు నడిపే గ్రేట్ నార్తర్న్ రైల్వేకు అదే అడ్డంకిగా మారింది. బోగీలు బరువెక్కాయి. వాటిని లాగగల పెద్ద ఇంజన్‌ను పాత వంతెన మోయలేదు. దాంతో 1913లో వచ్చిన ‘ఎస్’ తరగతి ఇంజన్లే ముఖ్యమైన ఎక్స్‌ప్రెస్‌లను లాగుతూ వచ్చాయి.

రైళ్లు ఆపకుండానే పాత వంతెనను ఉక్కుతో తిరిగి కట్టారు. ఆ పని 1932లో పూర్తయింది. వంతెన మీద రెండు లైన్ల పట్టాలనూ ఒకదానిలోకి ఒకటి జొప్పించి వేశారు. ఒకసారి ఒక్క రైలే దాటాలి, అదీ మధ్యగా.

వంతెన సంగతి తేలినా, డండాక్ వర్క్‌షాపు ఇరుకు అలాగే ఉంది. రిపేరు షెడ్డులో మరీ పొడవైన ఇంజన్ పట్టదు. ఐర్లండ్ దక్షిణాది కంపెనీ పెద్ద చక్రాలు ఆరున్న ఇంజన్లు నడుపుతున్నా, ఇక్కడ 4-4-0తోనే సరిపెట్టుకోవాలి. అంటే ముందు నాలుగు చిన్న చక్రాలు, వెనక నాలుగు పెద్ద చక్రాలు. ఇంజన్ల విభాగం అధిపతి జార్జ్ గ్లోవర్ ఆ కొలతల్లోనే ఎంత బలం కూర్చవచ్చో అంతా కూర్చాడు. అలా రూపొందిన ‘వి’ తరగతిని గొప్పదని చెప్పాల్సింది అందుకే.

బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 250 పౌండ్లు. మూడు సిలిండర్లు. బాయిలర్ నుంచి వచ్చే ఆవిరి ముందు లోపలున్న సిలిండర్‌లోని పిస్టన్‌ను నెడుతుంది. ఆ పని చేశాక కూడా దానిలో ఒత్తిడి మిగిలే ఉంటుంది. దాన్ని పొగగొట్టంలోకి వదిలేయకుండా, బయట రెండు వైపులా ఉన్న పెద్ద సిలిండర్లలోకి పంపి మరోసారి పని చేయిస్తారు. వేసిన బొగ్గుకు రెండింతల పని అనలేం గానీ, ఆదా మాత్రం నిజం. పెద్ద చక్రాల ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు. పక్కన నిలబడితే ఆజానుబాహువైనా తల ఎత్తి చూడాల్సిందే.

మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కంపెనీ 1932లో ఐదు ఇంజన్లు చేసి పంపింది. వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వేకు ఆ రోజుల్లోనే భారీ గారట్ ఇంజన్లు చేసిచ్చిన కంపెనీ ఇదే. ఐదింటికీ వేటపక్షుల పేర్లు పెట్టారు: ఈగిల్, ఫాల్కన్, మెర్లిన్, పెరిగ్రిన్, కెస్ట్రెల్. డండాక్ నుంచి డబ్లిన్‌కు ఉన్న 54 మైళ్లను 54 నిమిషాల్లో దాటేలా టైంటేబుల్ వేశారు. ఐర్లండ్‌కు అది కొత్త వేగం.

ఆ జోరు ఎంతో కాలం సాగలేదు. 1933 తొలి నెలల్లో ఉత్తర ఐర్లండ్ రైల్వేల్లో సమ్మె జరిగింది. బస్సులు, లారీలు ప్రయాణికులనూ సరుకునూ లాక్కుపోసాగాయి. ఇంజన్ల బాయిలర్ ఒత్తిడిని కూడా తర్వాత 215 పౌండ్లకు తగ్గించారు. ఒంటికి మాత్రం ఆకాశనీలం రంగు, చక్రాల దగ్గర ఎర్ర రంగు వచ్చాయి. గ్రేట్ నార్తర్న్ పేరు చెబితే రైలు అభిమానులకు ఈనాటికీ ఆ నీలమే గుర్తొస్తుంది.

దేశం రెండుగా చీలాక 1923 నుంచి సరిహద్దులో కస్టమ్స్ తనిఖీ మొదలైంది. గొరావుడ్, డండాక్ స్టేషన్లలో పెట్టెలు విప్పి చూపించేసరికి, ఇంజన్ పరుగెత్తి మిగిల్చిన నిమిషాలు కాస్తా పోయేవి. ఈ బాధ తప్పించడానికి 1947 ఆగస్టు 11న ‘ఎంటర్‌ప్రైజ్’ ఎక్స్‌ప్రెస్ ప్రారంభించారు. తనిఖీ అంతా రెండు చివరలా ఉన్న స్టేషన్లలోనే. మధ్యలో ఎక్కడా ఆగదు. 112 మైళ్లకు రెండుంబావు గంటలు. పదిహేనేళ్ల వయసున్న ‘వి’ ఇంజన్లకు తగిన పని అప్పటికి దొరికింది.

మరుసటి ఏడాది అదే కంపెనీ నుంచి ‘వి.ఎస్.’ అనే మరో ఐదు వచ్చాయి. ఆవిరిని రెండుసార్లు వాడే పద్ధతి వీటిలో లేదు. లిఫీ, బోయిన్, లాగన్, ఫాయిల్, ఎర్న్ అని నదుల పేర్లు పెట్టారు. డీజిల్ బండ్లు అప్పటికే గుమ్మంలో ఉన్నాయి. 1958లో గ్రేట్ నార్తర్న్‌నే ఉత్తర, దక్షిణ సంస్థలు రెండూ పంచుకున్నాయి. ఇంజన్లూ పంపకంలో పోయి, తర్వాత తుక్కయ్యాయి. వి.ఎస్. ఒక్కటీ మిగల్లేదు. వేటపక్షుల్లో మిగిలింది మెర్లిన్ ఒక్కటే. దాన్ని బాగుచేసి, 1980ల్లో అభిమానుల రైళ్లతో మళ్లీ ప్రధాన మార్గం మీదికి తెచ్చారు.