రూఫస్ ఫ్రంటెడ్ ప్రీనియా

రూఫస్ ఫ్రంటెడ్ ప్రీనియా సిస్టికోలిడే కుటుంబానికి చెందిన ఒక చిన్న పక్షి. దీని శాస్త్రీయ నామం ప్రీనియా బుకానాని. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంగ్రహాలయ అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ 1844లో దీనిని వర్ణించి, ఫ్రాన్సిస్ బుకానన్ హామిల్టన్ పేరు పెట్టాడు. వాయవ్య భారతదేశంలోను, దక్కనులోను వానలు తక్కువగా కురిసే మెట్ట ప్రాంతాలు దీని నివాసం. దక్షిణ తెలంగాణలోని మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాల ముళ్ళపొదలు ఇటువంటి పక్షికి అనువైన నేలలే.

పేరు

పాత గ్రంథాలలో ప్రీనియాలను రెన్-వార్బ్లర్లు అని వ్రాసేవారు. ఇవి చిన్నవిగా ఉండి, తోకను పైకి నిక్కించే అలవాటు కలిగి ఉన్నప్పటికీ నిజమైన రెన్ పక్షులు కావు. రెన్ జాతులు 80కి పైగా ఉండగా, దాదాపు అన్నీ అమెరికా ఖండాలలోనే ఉన్నాయి. ఆసియా, ఐరోపాలలో ఉన్నది ఒకే జాతి. భారతదేశంలో అది హిమాలయాలకే పరిమితం. కనుక తెలంగాణలో "అరుదైన రెన్" కనిపించినదంటే, అది ప్రీనియా అయి ఉండే అవకాశమే ఎక్కువ.

గుర్తింపు

ఈ పక్షి పొడవు సుమారు 12 సెం.మీ. నుదురు, నడినెత్తి ఇటుకరంగులోను, వీపు గోధుమరంగులోను, పొట్ట తెల్లగాను ఉంటాయి. పొడవైన తోక ఈకల కొసలు తెల్లగా ఉండి, ఎగిరేటప్పుడు స్పష్టంగా కనిపిస్తాయి. బూడిదరొమ్ము ప్రీనియాకు కూడ తోక కొసలు తెల్లగానే ఉంటాయి గనుక ఈ ఒక్క గుర్తు చాలదు. నెత్తి రంగును కూడ చూచి నిర్ధారించుకోవాలి. సంతానోత్పత్తి కాలం కానప్పుడు చిన్న గుంపులుగా పొదనుండి పొదకు తిరుగుతూ పురుగులను ఏరుకొని తింటాయి. వానాకాలంలో ముళ్ళపొదలలో నేలకు దగ్గరగా గూడు కడతాయి.

పరిశీలన

1931-32లో సాలీం అలీ జరిపిన హైదరాబాదు సంస్థాన పక్షి సర్వే నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని మన్ననూరు, ఫరహాబాద్‌లలో కూడ జరిగింది. దాని ఫలితాలు 1933-34లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఆ రోజులలో పక్షులను కాల్చి, చర్మాలను పోల్చి జాతిని నిర్ణయించేవారు. నేడు ఛాయాచిత్రము, కూత రికార్డింగు, తేదీ, స్థలము ఉంటే ఇతరులు పరిశీలించగల ఆధారం ఏర్పడుతుంది. సూర్యోదయ వేళ పొదలకు దూరంగా కదలక నిలబడి చూడడం మంచిది. గూటిని సమీపించరాదు.

ఆవాసం

ప్రపంచవ్యాప్తంగా ఈ జాతికి ముప్పు తక్కువని ఐ.యు.సి.ఎన్. వర్గీకరించింది. అయితే రేగు, తుమ్మ పొదలున్న బీళ్ళను ప్రభుత్వ లెక్కలలో "బంజరు"గా పరిగణించడం పరిపాటి. 2000లో మొదటిసారి వెలువడిన భారతదేశ బంజరు భూముల అట్లాసులో పొదలున్న భూములు ఒక వర్గంగా చేర్చబడినవి. బంజరు అన్న పేరు పడిన చోట చెట్లు నాటడం, ప్లాట్లు వేయడం, సౌరఫలకాలు పరచడం సులభమౌతుంది. దట్టంగా చెట్లు నాటినచోట పొదలను ఆశ్రయించే ఈ పక్షి నిలువలేదు. కావున ఒక బీడులో ఈ పక్షి కనిపించినట్లు సక్రమంగా నమోదు చేస్తే, ఆ నేల ఖాళీ కాదనడానికి అదొక ఆధారమౌతుంది.