డింగీ పడవ శిక్షణ చరిత్ర: ఎవరు నేర్చుకోగలిగారు?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• తెరచాప పడవ నడపటం కొద్దిమంది విద్యగా ఎందుకు ఉండిపోయిందో చెప్పగలుగుతారు.
• 1947 తరువాత పిల్లలకు, పెద్దలకు డింగీ శిక్షణ విస్తరించటానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• ఆ విస్తరణకు ఉన్న పరిమితులను హైదరాబాదు ఉదాహరణతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

తెరచాప పడవ నడపటం చాలాకాలం రెండు వర్గాల వారికే తెలిసిన పని. మొదటి వర్గం జాలరి, వాడబలిజ, పల్లెకారు వంటి కుటుంబాల వారు. వీరికి అది బతుకుతెరువు. తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకునేవాడు. బడి లేదు, పుస్తకం లేదు, పరీక్ష లేదు. రెండో వర్గం సొంత యాట్ కొనగలిగిన ధనికులు. వీరికి అది వినోదం. చాలా సందర్భాలలో పడవను నిజంగా నడిపేది జీతానికి పెట్టుకున్న నావికులే.

ఈ రెండు వర్గాలకూ చెందని గుమాస్తా, ఉపాధ్యాయురాలు, పదేళ్ల బడిపిల్ల ఈ విద్యను ఎప్పుడు, ఎలా అందుకోగలిగారు? ఈ పాఠంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే. ఇది ఆటల చరిత్రకు సంబంధించిన ప్రశ్నలా కనిపించినా, నిజానికి సామాజిక చరిత్రకు సంబంధించినది. ఒక విద్య అందరిదీ కావాలంటే పరికరం చవక కావాలి, నేర్పే పద్ధతి ఉండాలి, నేర్చుకునే చోటికి ప్రవేశం దొరకాలి. ఈ మూడూ ఒకేసారి సమకూరలేదని ముందుముందు చూస్తాం.

'డింగీ' అనే మాట ఇంగ్లీషుకు మన దేశం నుంచే వెళ్లింది. బెంగాలీ, హిందీ భాషలలో డింగి అంటే చిన్న పడవ. నేడు ఈ మాటను ఒకరిద్దరు నడపగల చిన్న తెరచాప పడవకు విస్తృతంగా వాడుతున్నారు.

2. శిక్షణ ఎందుకు అవసరం?

గాలి ఎటు వీస్తే అటు మొగ్గేవారిని మనం 'గాలివాటం మనుషులు' అంటాం. గాలివాటున పోవటానికి పెద్దగా నేర్పు అక్కరలేదు. ఎదురుగాలిలో గమ్యం చేరటంలోనే అసలు విద్య ఉంది. ఏ తెరచాప పడవా నేరుగా గాలికి ఎదురుగా పోలేదు. గాలి వచ్చే దిక్కుకు సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా కొంత దూరం పోయి, మలుపు తిరిగి, మళ్లీ రెండోవైపు ఏటవాలుగా పోవాలి. ఇలా వంకరటింకరగా ముందుకు సాగాలి.

ఈ ప్రయాణంలో గాలి పడవను పక్కకు నెట్టకుండా, పడవ మధ్యలోంచి నీటిలోకి దింపిన పలక అడ్డుకుంటుంది. నడిపేవారు ఒక చేత్తో చుక్కాని కర్రను, మరో చేత్తో తెరచాప తాడును పట్టుకుంటారు. ఒరిగే పడవను తమ శరీర బరువుతో నిలబెడతారు. గాలి బలం క్షణక్షణం మారుతుంది కాబట్టి నిర్ణయం కూడా క్షణాల్లో జరగాలి. ఈ నేర్పు ఒడ్డున కూర్చుని వింటే రాదు. అలాగని చెప్పేవారు లేకుండా నీటిలోకి దిగితే ప్రమాదం. కనుక పొరపాటు చేసినా ప్రాణానికి ముప్పు రాని చిన్న పడవ, దగ్గరే ఉండి కనిపెట్టి చూసే శిక్షకుడు అవసరమయ్యారు.

3. 1947: ఒకే ఏడాది, మూడు ప్రయత్నాలు

3.1 క్లియర్‌వాటర్, అమెరికా

ఫ్లోరిడా రాష్ట్రంలోని క్లియర్‌వాటర్ సముద్రతీర పట్టణం. అమెరికాలో ఆ కాలంలో పిల్లలు చెక్కపెట్టెలతో బండ్లు చేసి, పల్లంలో పోటీగా దొర్లించే ఆట ప్రసిద్ధం. దానికి బదులుగా పిల్లలకు చిన్న పడవలు ఇవ్వవచ్చని మేజర్ క్లిఫర్డ్ మెకే స్థానిక ఆప్టిమిస్ట్ క్లబ్బుకు సూచించాడు. ఖర్చు 50 డాలర్లు దాటకూడదన్నది షరతు. పడవల తయారీ తెలిసిన క్లార్క్ మిల్స్ రెండు ప్లైవుడ్ పలకలతో తయారయ్యేలా నమూనా గీశాడు. పలక పొడవు 8 అడుగులే కావటం వల్ల ముందు భాగాన్ని కోసుగా సాగదీయటానికి వీలు కాలేదు. అందుకే ఆప్టిమిస్ట్ పడవ ముక్కు నేటికీ మొండిగానే ఉంటుంది. ఆ ఆకారం పొదుపు మిగిల్చిన గుర్తు.

ఈ పడవలో ఒక్క పిల్లవాడే కూర్చుంటాడు. బోధన దృష్టితో చూస్తే ఇది చాలా ముఖ్యమైన అంశం. శిక్షకుడు వేరే పడవలో నుంచి కేక వేసి చెప్పగలడు గాని, చుక్కాని పట్టుకోలేడు. నిర్ణయం పిల్లవాడిదే. 1950లలో ఈ నమూనా డెన్మార్కుకు చేరింది. 1965లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. నేడు వందకు పైగా దేశాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలు ఈ పడవలో నేర్చుకుంటున్నారు.

3.2 బ్రిటన్

అదే 1947లో జాక్ హోల్ట్ 'క్యాడెట్' పడవను రూపొందించాడు. 'యాటింగ్ వరల్డ్' పత్రిక దానికి అండగా నిలిచింది. ఇందులో ఇద్దరు పిల్లలు కూర్చుంటారు. కొంత అనుభవం ఉన్నవారు చుక్కాని పడితే, కొత్తవారు ముందు తెరచాప చూసుకుంటూ నేర్చుకోవచ్చు. జాలరి కుటుంబాల్లో ఉన్న 'పక్కన కూర్చుని నేర్చుకునే' పద్ధతి ఇక్కడ కొత్త రూపంలో కనిపిస్తుంది.

3.3 గ్లెనాన్, ఫ్రాన్స్

ఫిలిప్ వియానే, హెలెన్ వియానే దంపతులు జర్మన్ ఆక్రమణ కాలంలో ప్రతిఘటనోద్యమంలో పనిచేసినవారు. యుద్ధం ముగిశాక, 1947లో బ్రిటనీ తీరానికి ఎదురుగా ఉన్న గ్లెనాన్ దీవులలో యువజనుల కోసం ఒక కేంద్రం నెలకొల్పారు. అది క్రమంగా పేరుపొందిన తెరచాప పడవల పాఠశాల అయింది. ఇక్కడికి వచ్చినవారు యువకులు, వయోజనులు. వంట, శుభ్రత, పడవల మరమ్మతు అందరూ పంచుకునేవారు. ముందు నేర్చుకున్నవారు స్వచ్ఛందంగా తరువాత వచ్చినవారికి నేర్పేవారు. ఈ పాఠశాల అవసరాల కోసమే 1950ల ఆరంభంలో జాన్-జాక్ ఎర్బులో 'వోరియన్' అనే చవక ప్లైవుడ్ పడవను రూపొందించాడు.

4. మార్పుకు కారణాలు

మూడు దేశాల్లో ఒకే ఏడాది ఇలాంటి ప్రయత్నాలు మొదలు కావటం కేవలం కాకతాళీయం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాలు, గస్తీ పడవల కోసం నీటికి విడిపోని జిగురు, గట్టి ప్లైవుడ్ పెద్ద ఎత్తున తయారయ్యాయి. యుద్ధం ముగిశాక అవి ప్రజల అవసరాలకు అందుబాటులోకి వచ్చాయి. పూర్వం పలకలు ఒకదానిపై ఒకటి అతికి పడవ కట్టాలంటే ఆరితేరిన వడ్రంగి కావాలి. ప్లైవుడ్‌తో ఇంటి పెరట్లోనే కట్టుకోవచ్చు.

ఈ ధోరణికి మంచి ఉదాహరణ బ్రిటన్‌లోని 'మిర్రర్' పడవ. టెలివిజన్‌లో ఇంటిపనులు నేర్పి పేరుపొందిన బ్యారీ బక్నెల్, జాక్ హోల్ట్ కలిసి దీన్ని రూపొందించారు. 'డైలీ మిర్రర్' దినపత్రిక ప్రచారం కల్పించింది. 1963లో ప్రజల ముందుకు వచ్చిన ఈ పడవను విడిభాగాలుగా సుమారు 63 పౌండ్లకు అమ్మారు. పలకలను రాగి తీగతో కుట్టి, కుట్ల మీద రెసిన్ పూస్తే పడవ సిద్ధం. దాని ఎర్ర తెరచాపలు ప్రసిద్ధి పొందాయి. 70,000కు పైగా మిర్రర్ పడవలు తయారయ్యాయి. ఎందరో తల్లిదండ్రులు పిల్లలతో పాటే ఈ పడవలో ఓనమాలు దిద్దుకున్నారు.

5. భారతదేశం, హైదరాబాదు

మన దేశంలో 1846లో బొంబాయిలో యాట్ క్లబ్బు ఏర్పడింది. వలసపాలన కాలంలో అది ఐరోపా వారికే పరిమితం. అదే తీరంలో తరతరాలుగా తెరచాప ఎత్తుతున్న కోలీ జాలరులకు అందులో చోటు లేదు. వారి నైపుణ్యాన్ని విద్యగా ఎవరూ గుర్తించలేదు. స్వాతంత్ర్యం తరువాత, 1960లో భారత యాటింగ్ సంఘం ఏర్పడింది. సైనిక, నౌకా దళాలు ఈ క్రీడకు ప్రధాన ఆధారమయ్యాయి.

తీరం లేని హైదరాబాదులో ఈ విద్యకు నెలవు 16వ శతాబ్దంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో నిర్మించిన హుస్సేన్ సాగర్. సైన్యానికి చెందిన ఈఎంఈ విభాగం ఇక్కడ తెరచాప పడవల క్రీడను పెంచింది. తరువాత పౌర క్లబ్బులు బస్తీ పిల్లలకు ఆప్టిమిస్ట్ పడవలలో శిక్షణ ఇవ్వటం మొదలుపెట్టాయి. ఇలా ఇక్కడ నేర్చుకున్న ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో దేశం తరఫున పాల్గొన్నది.

అయితే ఒక విషయం గమనించాలి. డింగీ శిక్షణలో బోల్తా పడటం కూడా పాఠమే. పడిన పిల్ల పడవ చుట్టూ ఈది, అడుగున పొడుచుకు వచ్చిన పలకపై బరువు వేసి పడవను మళ్లీ నిలబెట్టాలి. అంటే ఈ విద్యకు మునగదగిన నీరు కావాలి. దశాబ్దాలుగా మురుగు చేరిన హుస్సేన్ సాగర్ వంటి చెరువులో ఈ పాఠానికి పిల్లల ఆరోగ్యమే వెల కావచ్చు. పడవ ధర తగ్గించటం ఒక వడ్రంగి చేయగలిగాడు. చెరువును శుభ్రంగా ఉంచటం మాత్రం నగరమంతా చేయవలసిన పని.

6. సారాంశం

1947 తరువాత ప్లైవుడ్ పడవను చవక చేసింది. పిల్లలు ఒంటరిగా, పెద్దలు సమష్టిగా నేర్చుకునే పద్ధతులు రూపొందాయి. కాని నీటి అంచున చోటు, క్లబ్బు ప్రవేశం, శుభ్రమైన నీరు అంత సులభంగా అందరికీ దక్కలేదు. సముద్రమే బడిగా నేర్చుకున్న జాలరుల జ్ఞానానికి ఈ కొత్త శిక్షణలో స్థానం ఏమిటన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఆప్టిమిస్ట్ పడవ ముందు భాగం మొండిగా ఉండటానికి కారణమేమిటి?
2. క్లియర్‌వాటర్, గ్లెనాన్ బోధన పద్ధతులను పోల్చండి.
3. మీకు దగ్గరలోని చెరువు లేదా తీరంలో పడవ నడిపేవారు ఆ పనిని ఎవరి దగ్గర, ఎలా నేర్చుకున్నారో అడిగి తెలుసుకుని, పది వాక్యాలలో రాయండి.