మరమ్మతు లెవరు చేయవలెను?

వానకాలము వచ్చుచున్నదనగానే అద్దె యింట కాపురముండు గృహిణికి కలుగు మొదటి చింత యేదియో వేరుగ చెప్పనక్కరలేదు. నిరుడు కారిన చోటనే యీయేడును కారును. నిరుడు పెట్టిన బిందెనే మరల పెట్టవలెను. యజమానితో చెప్పితిమి, "చూతము" అనెను. రెండవసారి చెప్పితిమి, పనివాడు దొరకలేదనెను. మూడవసారి కబురంపగా ఊర లేరని జవాబు వచ్చెను. అద్దె మాత్రము అయిదవ తేదీ దాటుటకు వీలులేదు. ఈ కథ తెలియని యద్దె యిల్లు కలదా? దీనిని మనము ఒక మనుష్యుని లోభగుణముగా నెంచి, అతనిని నాలుగు మాటలని, వేరొక యిల్లు వెదకికొందుము. కాని యీ మౌనమునకు చరిత్ర కలదు. అది తెలిసికొన్నచో కోపము తగ్గునో హెచ్చునో చెప్పజాలము గాని, కోపము ఎవరిమీద పడవలెనో కొంత తెలియును.

మన అద్దె న్యాయమునకు మూలము ఇంగ్లండు. అచ్చటి న్యాయవేత్తలు ఇంటి అద్దెను పొలము కౌలువంటి దానిగా భావించిరి. కౌలు రైతు గట్టు తెగినచో తానే వేసికొనును గదా. అట్లే యిల్లు పుచ్చుకొన్నవాడు కప్పు చెడినచో తానే చూచుకొనవలెనని వారి తలపు. 1843వ సంవత్సరమున రెండు వ్యాజ్యములు వచ్చినవి. రెంటియందును నేరము నల్లులదే. సర్ థామస్ మారబుల్ అను పెద్దమనిషి బ్రైటన్ పట్టణమున కుర్చీలు మంచములతో సహా ఒక యిల్లు కొన్ని వారములకు పుచ్చుకొని, నల్లుల బాధ పడలేక విడిచిపోయెను. యజమాని తక్కిన యద్దెకు దావా వేసెను. సామానుతో నిచ్చిన యిల్లు నివాసయోగ్యమై యుండుట ఒడంబడికలోనే యిమిడియున్నదని న్యాయస్థానము మారబుల్ పక్షమున తీర్పు చెప్పెను. అదే సంవత్సరమున సామాను లేని వట్టి యింటిలోని నల్లులకై మరియొకడు అదే వాదము చేయగా, అట్టి మాట ఒడంబడికలో నెక్కడను లేదని త్రోసివేసిరి. మంచముతో కూడ అద్దెకు తీసికొన్నవానిని కుట్టిన నల్లి దోషి. తన మంచము తాను తెచ్చుకొన్నవానిని కుట్టిన నల్లికి దోషము లేదు! తక్కువ యద్దెకిచ్చు పనివారి యిండ్లు, ఇచ్చునాటికైనను నివసించుటకు తగియుండవలెనని చట్టము చేయుటకు అచ్చట 1885 వరకు పట్టినది.

మన దేశమునకు 1882లో ఆస్తి బదలాయింపు చట్టము వచ్చినది. అందలి 108వ సెక్షను నేటికిని అమలులో నున్నది. యజమాని తాను చేయ బద్ధుడైన మరమ్మతులను, నోటీసు అందిన పిమ్మట సముచితకాలములో చేయనియెడల, అద్దెదారుడే చేయించుకొని ఆ వ్యయమును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకొనవచ్చునని దాని భావము. మొదటిసారి చదివినప్పుడు మాకును ఇంతకంటె నేమి కావలెనని తోచినది. కాని "చేయ బద్ధుడైన" అను మాటయొద్ద నిలిచి చూడుడు. బద్ధుడని చెప్పవలసినది అద్దెపత్రము. ఆ పత్రమును వ్రాయించునది యజమాని. అందు కప్పునుగూర్చి ఒక్క ముక్కయు లేనప్పుడు, చట్టము చేతికిచ్చిన కత్తికి పదును లేదు.

ఈ లోపమును పూరింప జూచిన పట్టణములలో బొంబాయి ముఖ్యమైనది. ఆ పట్టణముతో తెలుగువారికి గల సంబంధము చిన్నది కాదు. కామాఠీపుర మను పేరు నిజాము రాజ్యమునుండి కూలికి పోయిన కామాఠీల వలన వచ్చినదే. తెలంగాణపు పద్మశాలీలు అచ్చటి నూలుమిల్లులలో తరతరములుగా మగ్గములు నడపిరి. వీరందరు నివసించినవి చాళులు. మన భాషలో చాలనగా వరుస. చూచుటకును అవి వరుసలే. కొయ్య దూలములమీద మూడు నాలుగంతస్తులు, ప్రతి యంతస్తునను పొడవైన వసారా, దాని వెంబడి ఒక్కొక్క కుటుంబమున కొక్కొక్క గది, చివరను అందరికిని కలిసి కొళాయి, మరుగుదొడ్లు. 1931 నాటి జనాభా లెక్కలలో ఆ నగరవాసులలో నూటికి డెబ్బదిమందికి పైగా ఒంటిగది కాపురములవారే. వంటయు, పురుడును, చదువును, చావును ఆ గదిలోనే. మగవాడు మిల్లుకు పోయిన పిమ్మట పగలెల్ల ఆ కప్పు క్రింద నుండునది స్త్రీ. దూలమున చెదపట్టుటను, గోడ యుబ్బుటను మొదట కనిపెట్టునది ఆమె. రసీదులో పేరు మాత్రము తరచుగా పురుషునిదే.

మొదటి మహాయుద్ధకాలమున అద్దెలు మితిమీరగా 1918లో బొంబాయి ప్రభుత్వము వానికి హద్దు విధించెను. రెండవ యుద్ధము తరువాత 1947లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టము అంతకంటె గట్టిది. 1940 సెప్టెంబరు 1వ తేదీనాడు ఏ గదికి ఎంత యద్దె యుండెనో అదే దాని న్యాయమైన యద్దెయని ఆ చట్టము నిలిపివేసెను. మరమ్మతుల విషయమున 1882 చట్టపు లోపమును దిద్దెను: అద్దెదారుడు వేరుగ నొప్పుకొన్ననే తప్ప, ఇల్లు నివాసయోగ్యముగా నుంచుట యజమాని విధియని స్పష్టముగ చెప్పెను. అతడు ఉపేక్షించినచో పదునైదు దినములకు తక్కువగాని నోటీసు నిచ్చి, అద్దెదారులు విడివిడిగానో అందరు కలిసియో తామే పని చేయించుకొని ఖర్చును అద్దెలో తగ్గించుకొనవచ్చును. అయితే ఏ సంవత్సరమునను ఆ తగ్గింపు ఆ యేటి యద్దెలో నాలుగవ వంతును మించరాదు.

ఇక లెక్క చూతము. నెలకు పది రూపాయల గది యనుకొందము. ఏటికి నూట యిరువది. అందు నాలుగవ వంతు ముప్పది రూపాయలు. ఆ దినములలో ముప్పది రూపాయలకు వడ్రంగియు, కొంత కలపయు దొరకెను. ధరలు పెరిగినవి, అద్దె పెరుగలేదు. ఇరువది యేండ్లు గడచునప్పటికి ఆ ముప్పది రూపాయలు దూలమునకు కాదుగదా, మేకులకును సున్నమునకును చాలని స్థితి వచ్చెను. యజమాని వైపునుండి చూచినను లెక్క యిదే. ఏటికి నూట యిరువది తెచ్చు గదికి అయిదువందలు పెట్టి కప్పు వేయు ధర్మాత్ముడు ఏ పేటలోను అరుదే. అట్లు అతని మౌనము మొదట లోభమై, పిమ్మట అంకగణితమై, కడపట వ్యూహమైనది. ఇల్లు తానై కూలినచో నేల మిగులును. నేల విలువ మాత్రము ఏటేట పెరుగుచుండెను.

ఇచ్చట ఒక యప్రియమైన మాట చెప్పక తప్పదు. అద్దెదారులును మౌనముగనే యుండిరి. బజారులో వందలు పలుకు గది తమకు పదింటికి దొరకుచుండగా, గట్టిగా నడిగినచో ఉన్నది పోవునేమోయని భయపడిరి. పైగా పగిడి యను ఆచారము పాతుకొనెను. గదిలో ప్రవేశించువాడు ముందుగా పెద్ద మొత్తమొకటి చెల్లించి, ఆ పిమ్మట నామమాత్రపు టద్దెతో కాపురముండును. విడిచిపోవునప్పుడు ఆ హక్కును మరియొకనికి అమ్ముకొనును. అందువలన అద్దెదారుడు సగము యజమానియు, యజమాని సగము బాటసారియు అయిరి. కప్పు ఎవరిదని అడిగిన ఇద్దరును రెండవవానిని చూపిరి. వాన యెవరిని అడుగదు గదా.

తుదకు ప్రభుత్వము పూనుకొనవలసి వచ్చెను. 1969లో పాత యిండ్ల మరమ్మతులకును పునర్నిర్మాణమునకును ఒక బోర్డు నేర్పరచుచు చట్టము చేసిరి. ఇంటిపన్నుతో పాటు సెస్సు వసూలుచేసి, ఆ ధనముతో బోర్డే బాగుచేయించును. దీని క్రిందికి వచ్చిన కట్టడములు 19,642; అందు 16,502 కట్టడములు 1940 సెప్టెంబరునకు పూర్వపువి. 1977లో ఈ పని మ్హాడా యను గృహనిర్మాణసంస్థ చేతికి వచ్చెను. చదరపు మీటరునకు ఇంతకు మించి ఖర్చుపెట్టరాదను పరిమితి యుండుటచే, అంతకు మించి చెడిన యింటిని మరమ్మతునకు అందనిదని ప్రకటించి, అందలివారిని తాత్కాలిక శిబిరములకు పంపుదురు. ఆ తాత్కాలికము కొందరికి ఒక తరము పట్టినది. 1986లో ఇంకొక యడుగు వేసిరి: నివసించువారిలో నూటికి డెబ్బదిమంది సహకారసంఘముగా నేర్పడినచో, నెల యద్దెకు నూరు రెట్లు పరిహారమిచ్చి ఆ కట్టడమును వారి కొరకు ప్రభుత్వము స్వాధీనపరచుకొనవచ్చును. యజమానుల సంఘము న్యాయస్థానమున కెక్కెను. ఆ వ్యాజ్యమునుండి పుట్టిన ప్రశ్న, అనగా ప్రతి వ్యక్తి యాస్తియు సమాజపు సంపదయేనా యను ప్రశ్న, తొమ్మండుగురు న్యాయమూర్తుల యెదుటికి పోయి, అన్నియు కావని 2024 నవంబరు 5వ తేదీన తీర్పు వెలువడెను. కారుచున్న కప్పునుండి బయలుదేరిన తగవు రాజ్యాంగము వరకు పోయినది. కప్పు కారుట మానలేదు.

అద్దెలను 1940 నాటి యంకెకు కట్టివేయుట ఇక న్యాయసమ్మతము కాదని సుప్రీము కోర్టు 1997 డిసెంబరులో చెప్పెను. 1999లో మహారాష్ట్రమునకు కొత్త చట్టము వచ్చి, ఏటికి నూటికి నాలుగు వంతున అద్దె పెంచుకొన ననుమతించెను. మరమ్మతు విధి, పదునైదు దినముల నోటీసు, నాలుగవ వంతు పరిమితి, ఇవి మాత్రము అట్లే నిలిచినవి. ఆలోచించి చూడగా ఆ యద్దె పెంపే మరమ్మతునకు మేలు చేయు నిబంధనయని మాకు తోచుచున్నది. అద్దెదారుని పక్షమున వ్రాయుచు అద్దె పెంపును మెచ్చుకొనుట కొందరికి వింతగా నుండవచ్చును. అయినను నాలుగవ వంతునకు విలువ యుండవలెనన్న మొత్తమునకు విలువ యుండవలెను గదా.

మన పట్టణములలోని యద్దె యిండ్లవారికి ఈ చరిత్రనుండి పనికివచ్చునవి రెండు మూడు కలవు. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదు చట్టము దృష్టిలో పుట్టనే లేదు. తేదీ వేసి వ్రాసి, తపాలలో పంపి, ఆ చీటీ దాచుకొన్నదే నోటీసు. ఇంటిలో దిగుటకు ముందే మరమ్మతు లెవరివో పత్రములో వ్రాయించుకొనుట, దిగిన పిమ్మట పది తగవులు పడుటకంటె సులువు. కోపముతో అద్దె నిలిపివేయుట అన్నిటికంటె పెద్ద పొరపాటు. బాకీపడినవానిని ఖాళీ చేయించుట యజమానికి సుకరము. బొంబాయిలో తెలివిగలవారు, యజమాని అద్దె పుచ్చుకొననన్నప్పుడు మనియార్డరు పంపి, తిరిగివచ్చిన కాగితమును సాక్ష్యముగా దాచుకొనెడివారు. ఇల్లాలు ఆ కాగితములన్నియు ఒక పెట్టెలో పెట్టి తాళము తన కొంగున ముడివేసికొన్న యిండ్లలో వ్యాజ్యములు తేలికగా ఓడిపోలేదని విన్నాము.

2017 ఆగస్టు 31వ తేదీ ఉదయమున బొంబాయి భెండీబజారు ప్రాంతమున హుసైనీ భవనము కూలి ముప్పదిమందికి పైగా చనిపోయిరి. అందరును ఆ యింటిని నమ్ముకొని యున్నవారే. ప్రతి సంవత్సరమును వానలకు ముందు మ్హాడావారు మిక్కిలి ప్రమాదకరమైన కట్టడముల పట్టికను ప్రకటింతురు. పట్టికలో తమ యింటిపేరు చూచుకొనియు కదలనివారు అనేకులు. కదలినచో గది మీది హక్కు పోవునేమోయని వారి భయము; అందుచే దూలము క్రింద వెదురు కఱ్ఱలు పోటుపెట్టుకొని, బిందె యథాస్థానమున నుంచి, మరియొక వానకాలమునకు సిద్ధపడుదురు.