ఊరు కదల్లేదు, రాష్ట్రం మారింది

మాది తిరుత్తణి దగ్గర ఒక చిన్న పల్లె. మా తాత బడిలో చేరినప్పుడు మా ఊరు ఆంధ్రప్రదేశ్‌లో, చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆయన ఇల్లు మారలేదు, బడి మారలేదు. కానీ 1960 ఏప్రిల్ 1న మా ఊరు మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. "మేము యాడికీ పోలేదు నాయనా, కాగితం మీద గీత జరిగింది, అంతే" అంటాడు తాత. ఆ కాగితం ఎట్లా తయారవుతుందో తెలుసుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాను.

భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాక తిరుత్తణి ఎవరిదనే గొడవ వచ్చింది. తమిళుల తరఫున మ.పొ. శివజ్ఞానం ఉద్యమం నడిపారు. చివరకు హెచ్.వి. పటాస్కర్ మధ్యవర్తిత్వం చేశారు. దాని మీద 1959లో పార్లమెంటు సరిహద్దుల మార్పు చట్టం చేసింది. తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం, పళ్ళిపట్టు ప్రాంతం ఇటు వచ్చాయి. పొన్నేరి, తిరువళ్ళూరు తాలూకాల్లోని కొన్ని పల్లెలు అటు పోయాయి. ఏ పల్లె ఎటు పోవాలో చట్టం చివరి షెడ్యూళ్లలో పేర్లతో సహా ఉంది.

రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం సరిహద్దు మార్చే అధికారం పార్లమెంటుదే. ముందుగా రాష్ట్రపతి ఆ బిల్లును సంబంధిత శాసనసభలకు పంపి అభిప్రాయం అడగాలి. సభ చెప్పినట్టే చేయాలని మాత్రం లేదు.

రాష్ట్ర చట్టానికి దారి వేరు. ముందు బిల్లును క్లాజులుగా రాస్తారు. ఎందుకు తెస్తున్నారో చెప్పే ఉద్దేశాలు, కారణాల ప్రకటన జతచేస్తారు. సభలో ప్రవేశపెడతారు. ఒక్కొక్క క్లాజు చర్చకు వస్తుంది, సవరణలు వస్తాయి, ఓటు జరుగుతుంది. గవర్నరు ఆమోదించాక గెజిట్‌లో అచ్చవుతుంది.

2006లో మన శాసనసభ చేసిన తమిళ అభ్యసన చట్టం కూడా ఈ దారినే వచ్చింది. దాని ప్రకారం పదో తరగతి దాకా మొదటి భాగం తమిళం, రెండోది ఇంగ్లీషు, మూడోది మిగతా పాఠాలు. మన తెలుగు నాలుగో భాగంలో ఐచ్ఛిక పాఠమైంది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి పెంచారు. మా అక్క చదువును, నా చదువును మార్చింది ఆ కొన్ని వాక్యాలే.

గెజిట్ తమిళంలో, ఇంగ్లీషులో వస్తుంది. మా అమ్మకు చదవడం తెలిసింది తెలుగే. పిల్లల భాషను నిర్ణయించిన చట్టం ఆమె చదవలేకపోయింది. నేనే కూడబలుక్కుని చదివి చెప్పాను. అంతా విని, "ఇది రాసేటప్పుడే మనల్ని అడిగుంటే బాగుండేది కదరా" అంది.

నిజానికి అడిగే దారులు ఉన్నాయి. సభ నడిచే భాషల్లో సరిగా చెప్పుకోలేని సభ్యుడిని మాతృభాషలో మాట్లాడనిచ్చే అధికారం 210వ అధికరణం సభాపతికి ఇచ్చింది. ప్రాథమిక చదువు మాతృభాషలో చెప్పించే ఏర్పాట్లకు రాష్ట్రం ప్రయత్నించాలని 350ఎ అధికరణం చెబుతోంది. అయితే మన మాట బిల్లు మీద ఓటు కాకముందే మన ఎమ్మెల్యేకు చేరాలి. గెజిట్ వచ్చాక మార్పించడం కష్టం.

అందుకే నేను తమిళం శ్రద్ధగా నేర్చుకుంటున్నాను. తెలుగునూ వదలను. రేపు ఏదైనా బిల్లు వస్తే చదివి, మా ఊరివాళ్లకు తెలుగులో చెప్పాలి కదా.