ట్రైసైక్లజోల్: అగ్గి తెగులుకు అడ్డుకట్ట.. ఎగుమతికి అవశేషాల చిక్కు

వరిలో అగ్గి తెగులు నివారణకు మన దేశంలో విరివిగా వాడే శిలీంద్రనాశిని ట్రైసైక్లజోల్. ఇది శిలీంద్రాన్ని నేరుగా చంపదు; మొక్కలోకి చొరబడకుండా అడ్డుకుంటుంది. అందుకే ఎంత మోతాదులో చల్లారన్నదే కాదు, ఎప్పుడు చల్లారన్నది కూడా ముఖ్యమే.

రసాయన స్వభావం

బెంజీన్, థయాజోల్, ట్రయాజోల్ వలయాలు ఒకదానితో ఒకటి కలిసి ఏర్పడిన సేంద్రియ సమ్మేళనమిది. స్ఫటిక రూపంలోని ఈ ఘన పదార్థం నీటిలో కొద్దిగానే కరుగుతుంది. వేళ్లు, ఆకుల ద్వారా మొక్కలోకి చేరి లోపల వ్యాపించే అంతర్వాహిక గుణం దీనికి ఉంది.

పనిచేసే తీరు

అగ్గి తెగులుకు కారణం మాగ్నపోర్తే ఒరైజే అనే శిలీంద్రం. దీని సిద్ధబీజం ఆకుపై మొలకెత్తి, గుమ్మటం వంటి కణాన్ని ఏర్పరుస్తుంది. ఆ కణపు గోడలో మెలనిన్ అనే నల్లని వర్ణకం చేరాక, లోపలి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు 80 రెట్ల వరకు పెరుగుతుంది. ఆ బలంతోనే శిలీంద్రం ఆకు పొరను చీల్చుకుని లోనికి వెళుతుంది. మెలనిన్ తయారీకి తోడ్పడే రిడక్టేజ్ ఎంజైములను ట్రైసైక్లజోల్ నిరోధిస్తుంది. వర్ణకం లేని కణం తగినంత పీడనాన్ని నిలుపుకోలేదు. అయితే అప్పటికే ఆకులోకి ప్రవేశించిన శిలీంద్రంపై ఈ మందు ప్రభావం పరిమితం.

వాడకం

నూలు కండె ఆకారంలో, మధ్యన బూడిద రంగుతో ఆకులపై కనిపించే మచ్చలు తెగులుకు గుర్తు. 75 శాతం పొడి మందును లీటరు నీటికి 0.6 గ్రాముల చొప్పున కలిపి పిచికారీ చేయాలన్నది సాధారణ సిఫారసు. సాంబ మసూరి (బీపీటీ 5204) వంటి రకాలు ఈ తెగులును తట్టుకోలేవు. వెన్ను మెడ వద్ద ఆశించే మెడవిరుపు దశలో గింజలు తాలుగా మారి దిగుబడి పడిపోతుంది.

నియంత్రణ

దేశంలో పురుగుమందుల నమోదు 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద జరుగుతుంది. ఆహారంలో అవశేషాల పరిమితిని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిర్ణయిస్తుంది. జన్యుపరమైన హాని, క్యాన్సర్ ముప్పు లేవని తేల్చేందుకు తగిన సమాచారం లేదంటూ ఐరోపా సమాఖ్య 2016లో ట్రైసైక్లజోల్‌కు ఆమోదం నిరాకరించింది. మరుసటి ఏడాది బియ్యంలో అవశేషాల పరిమితిని కిలోకు 1 మిల్లీగ్రాము నుంచి 0.01 మిల్లీగ్రాముకు, అంటే నూరో వంతుకు తగ్గించింది. బాస్మతికి 2017 చివరి వరకు గడువు ఇచ్చింది.

దీని ప్రభావం బాస్మతి ఎగుమతులపై పడింది. పంజాబ్ ప్రభుత్వం ఇటీవలి సంవత్సరాల్లో ట్రైసైక్లజోల్ సహా పలు మందులను బాస్మతిపై వాడకుండా, కోతలకు ముందు 60 రోజులపాటు తాత్కాలికంగా నిషేధించింది.

చిక్కంతా ఇక్కడే ఉంది. మెడవిరుపు నుంచి పంటను కాపాడాలంటే వెన్ను తీసే సమయంలో మందు చల్లాలి. కానీ కోతకు ఎంత దగ్గరగా చల్లితే గింజలో అవశేషాలు మిగిలే అవకాశం అంత ఎక్కువ. పైగా మార్కెట్‌లో పలువురు రైతుల ధాన్యం ఒకే రాశిలో కలుస్తుంది. ఒక్క పొలంలో ఆలస్యంగా చల్లిన మందు మొత్తం సరుకును పరీక్షలో తప్పించవచ్చు. తెగులును తట్టుకునే రకాలు, నత్రజని ఎరువులో మితం, లేబుల్‌పై సూచించిన నిరీక్షణ కాలం పాటించడం.. ఈ మూడూ మందుపై ఆధారపడటాన్ని, అవశేషాల ముప్పును తగ్గించే మార్గాలు.