తిలతైలము: మన గానుగ పూర్వచరిత్రము



సంస్కృతమున తిలయనగా నువ్వు. తిలలనుండి కల్గినది తైలము. కాలక్రమమున సమస్తమైన నూనెలకును తైలమను పేరే స్థిరపడినది. అన్నింటికిని తన పేరొసగిన యీ నూనెను తెలుగువారు మంచినూనె యనిరి. ఈ రెండు పేళ్లయందే మన వృత్తిచరిత్రము సగము నిమిడియున్నదని మేము తలంచుచున్నారము.

హరప్పా త్రవ్వకములలో మాడిన నువ్వులు దొరకినవి. కావున ఈ పంట మనదేశమున నాలుగువేల యేండ్లకు పైబడినది. క్రీ. శ. 3వ శతాబ్దమున, ఆభీరరాజగు ఈశ్వరసేనుని కాలమున, రోగులైన భిక్షువుల ఔషధములకై కొన్ని శ్రేణులయొద్ద ధనము నిలువ చేయబడెనని నాసిక గుహాశాసనము తెలుపుచున్నది. వానిలో తిలపిషకుల శ్రేణి, అనగా నువ్వులాడించువారి సంఘము, ఒకటి.

మనుస్మృతి నాల్గవ యధ్యాయము గానుగవానిని కసాయివానికంటెను హీనునిగా నెంచినది. ఈ మాట మనవారిని తరతరములు క్రుంగదీసినది. అయినను శాసనములు వేఱొక సాక్ష్యము పలుకుచున్నవి. క్రీ. శ. 465-66లో, స్కందగుప్తుని యేలుబడిలో, ఇంద్రపురమునందలి సూర్యాలయ దీపమునకై ఒక బ్రాహ్మణుడు మూలధనమును తెలికల శ్రేణికే యప్పగించెను. నిత్యము రెండు పలముల నూనె నిచ్చుట వారి బాధ్యత. మన తెలుగునాట, 11వ శతాబ్దపు చివరిభాగమున, రాజరాజ చోడగంగుని టేకి తామ్రశాసనము విజయవాడ తెలికివారికి వివాహకాలమున వీథులలో గుఱ్ఱమెక్కి యూరేగు గౌరవమును ప్రసాదించినది. స్మృతి నిందించినను, రాజును దేవాలయమును మనవారిని నమ్మినవి.

ఇక గుణముల మాట. స్థావర స్నేహములలో తిలతైలము శ్రేష్ఠమని చరకసంహిత చెప్పినది. గింజ తూకములో ఇంచుమించు సగము నూనెయే. అందు ఒలీయిక్, లినోలీయిక్ ఆమ్లములు రెండును గలసి నూటికి 80 పాళ్లవఱకు నుండును. సెసమిన్, సెసమోలిన్ అను పదార్థములును గలవు. నువ్వులు వేపినపుడు సెసమోలిన్ నుండి సెసమాల్ పుట్టును. వీనిచేతనే యీ నూనె తక్కిన పెక్కు నూనెలవలె త్వరగా ముక్కిపోదు. ఆవకాయపై తేలు నూనె గాలిని సోకనీయక బూజును అడ్డును. ఉప్పు, ఆవపిండి దానికి తోడ్పడును.

నూనె పుక్కిలించుటవలన నోటిలోని దంతక్షయ క్రిములు తగ్గెనని 2008లో చెన్నైలో జరిగిన యొక చిన్న పరీక్ష తెలిపినది. అంతమాత్రమున దీనిని సర్వరోగనివారిణి యనుట సత్యము గాదు. పుండ్లకును జ్వరములకును వైద్యుని మందే దిక్కు. నువ్వులలోని సున్నమును మాంసకృత్తులును నూనెలోనికి రావు, పిండియందే నిలుచును. తెలగపిండిని ములగాకుతో వండిన మన తల్లులు ఆ బలమును వృథా పోనీయలేదు.

యంత్రములు వచ్చినపిదప ఎద్దుగానుగలు మూతపడినవి. 1934లో స్థాపితమైన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము వానిని నిలుపుటకు ప్రయత్నించినది గాని, చౌకనూనెల పోటీ తగ్గలేదు. ఇప్పుడు జనులు మరల గానుగనూనె నడుగుచున్నారు. ఈ సమయమున కల్తీయు, కల్లప్రశంసయు మనకు శత్రువులు.

ఇంద్రపురపు శాసనమున నొక షరతు కలదు: శ్రేణి ఊరు విడిచి పోయినను, ఐకమత్యముతో నున్నంతకాలము ఆ ధనము దానిదే. పదునైదు శతాబ్దములకు పూర్వము మనవారికి దక్కిన యా నమ్మకమును, కల్తీలేని నూనెచేతను కట్టు తప్పని సంఘముచేతను, మనము నిలుపుకొందుముగాక.