స్వెటర్‌ని ఫార్ములాగా మార్చిన ఎలిజబెత్ జిమ్మర్‌మన్

ఈ రోజు ఎపిసోడ్ స్వెటర్ల మీద. మన ఊళ్ళల్లో స్వెటర్ బయటికి తీసేది ఏడాదికి ఇరవై రోజులు, దానికో ఎపిసోడా అనుకుంటున్నారని తెలుసు. కానీ ఇది కోడ్ రాసే ప్రతివాడూ తెలుసుకోవాల్సిన మనిషి కథ. ఆవిడ కంప్యూటర్ ముట్టుకోకుండానే, మేం బీటెక్‌లో నాలుగేళ్ళు నేర్చుకున్న ఒక ముఖ్యమైన సంగతిని ఊలుతో చేసి చూపించారు.

ముందు చిన్న పని చెప్తాను. మీరు వేసుకున్న టీషర్టు అంచు పట్టుకుని లాగండి. సాగింది కదా? ఇప్పుడు లుంగీనో, మామూలు కాటన్ చొక్కానో లాగండి. సాగదు. ఎందుకంటే చొక్కా గుడ్డ మగ్గం మీద నేసింది. పడుగు, పేక అని రెండు వరసల దారాలు అడ్డంగా, నిలువుగా బిగుసుకుని ఉంటాయి. టీషర్టు గుడ్డలో ఆ పడుగూ పేకా లేవు. దారం ఉచ్చులు ఉచ్చులుగా మెలి తిరుగుతుంది, ఒక వరస ఉచ్చుల్లోంచి పై వరస ఉచ్చులు బయటికొస్తాయి. అదే నిట్టింగ్, అంటే అల్లిక. మెషీన్ అల్లితే టీషర్టు. రెండు సూదులు, ఊలు ఉండతో చేత్తో అల్లితే స్వెటర్. సూది మీదుండే ఒక్కో ఉచ్చుని కుట్టు అంటారు, ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇందులో ఒక చిక్కుంది. టైలర్ దగ్గరికి వెళ్తే ఆది జాకెట్టు ఇస్తాం. ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, లోపల కాస్త మార్జిన్ వదులుతాడు. లావైతే విప్పుకోవచ్చు, సన్నబడితే ఇంకో కుట్టు వేయించుకోవచ్చు. అల్లికలో ఆ సౌకర్యం లేదు. గుడ్డా, ఆకారమూ రెండూ ఒకేసారి పుడతాయి. అందుకే ఎన్ని కుట్లతో మొదలెట్టాలి, ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అన్నది ముందే తేల్చుకోవాలి. అది రాసిపెట్టిన కాగితమే ప్యాటర్న్. అది తయారుచేసేవాళ్ళే నిట్‌వేర్ డిజైనర్లు.

ఈ ప్యాటర్న్‌లు అచ్చులోకి వచ్చి రెండొందల ఏళ్ళు కావస్తోంది. 1840లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఊలు, కుట్టుసామాన్ల దుకాణం నడిపే జేన్ గాగెన్ అనే ఆవిడ ఒక ప్యాటర్న్‌ల పుస్తకం వేశారు. ప్రతి కుట్టునీ పూర్తి వాక్యంలో రాస్తే పుస్తకం ఎంతకీ తెగదు కదా, అందుకని ఆవిడ పొడి అక్షరాలతో తనదైన సంకేత లిపి పెట్టుకున్నారు. ఇప్పటి ప్యాటర్న్ తెరిచినా అదే తీరు. ఫలానా కుట్టు రెండు, ఇంకో కుట్టు రెండు, చుక్క గుర్తు నుంచి మళ్ళీ మొదలు. చూడగానే మనకి లూప్ కనిపిస్తుంది.

తర్వాత వందేళ్ళలో ఈ ప్యాటర్న్‌లు ఊలు కంపెనీల చేతికి, పత్రికల చేతికి వెళ్ళాయి. కంపెనీలకి కావలసింది ఊలు అమ్ముడుపోవడం. కాబట్టి ప్యాటర్న్‌లో "మా ఊలు ఇన్ని ఉండలు కొనండి, ఈ సైజుకి ఇన్ని కుట్లు వేయండి, నోరు మూసుకుని అల్లండి" అన్నట్టే ఉండేది. వాళ్ళు రాసిన మాట అది కాదు, భావం మాత్రం అదే. మన భాషలో చెప్పాలంటే అన్నీ హార్డ్‌కోడ్. వేరే ఊలు వాడినా, మీ చేతి బిగువు వేరేదైనా ప్రోగ్రామ్ క్రాష్.

ఎంత క్రాష్ అంటారా? లెక్క చూడండి. అంగుళానికి 5 కుట్లు పడతాయని ప్యాటర్న్ అంటుంది. 40 అంగుళాల స్వెటర్‌కి 200 కుట్లు. మీ చెయ్యి కాస్త వదులు, అంగుళానికి నాలుగున్నరే పడుతున్నాయి అనుకుందాం. అదే 200 కుట్లు అల్లితే వచ్చేది 44 అంగుళాల పైచిలుకు. అర కుట్టు తేడా నాలుగు అంగుళాలు మింగేసింది. రెండు నెలలు అల్లాక తెలుస్తుంది, అది మీకు కాదు మీ బావకి సరిపోతుందని.

ఇక్కడికి వస్తారు మన హీరోయిన్. ఎలిజబెత్ జిమ్మర్‌మన్. 1910లో ఇంగ్లండ్‌లో పుట్టారు. స్విట్జర్లండ్‌లో, జర్మనీలోని మ్యూనిక్‌లో బొమ్మలు వేయడం చదువుకున్నారు. అక్కడే ఆర్నాల్డ్ జిమ్మర్‌మన్‌తో పరిచయం, తర్వాత పెళ్ళి. ఆయన బీరు తయారీలో నిపుణుడు. నాజీల కాలం, ఆయనకి హిట్లర్ అంటే పడదు, నోరూ ఊరుకోలేదు. దేశం విడిచి రావాల్సి వచ్చింది. 1937లో ఇద్దరూ అమెరికా చేరారు, చివరికి విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. ముగ్గురు పిల్లలు. అక్కడి చలికాలం సంగతి అమెరికాలో ఉన్న మనవాళ్ళని అడగండి, స్వెటర్ ఎందుకో వాళ్ళే చెప్తారు.

1950లలో ఆవిడ డిజైన్లు పత్రికల్లో రావడం మొదలైంది. ఒక పత్రికతో జరిగిందే ఈ కథకి మలుపు. ఆవిడ స్వెటర్‌ని గుండ్రంగా అల్లేవారు. సర్క్యులర్ సూది అని ఉంటుంది, రెండు సూది మొనల మధ్య వంగే తీగ. దాంతో గొట్టంలా ఆగకుండా అల్లుకుంటూ పోవచ్చు. ముందు భాగం, వెనక భాగం వేరుగా అల్లి అతకక్కర్లేదు. ఎప్పుడూ గుడ్డ ముఖం వైపే ఉంటాం కాబట్టి రంగుల డిజైన్ కళ్ళ ముందే కనిపిస్తుంది, తిరగేసి అల్లే పర్ల్ కుట్టు బాధ కూడా చాలావరకు తప్పుతుంది. పత్రికవాళ్ళకి స్వెటర్ నచ్చింది. కానీ అచ్చు వేసేటప్పుడు ఆవిడ రాసిన సూచనల్ని మార్చి, ముక్కలు ముక్కలుగా అల్లి కుట్టే పాత పద్ధతిలో తిరగరాశారు. డిజైన్‌లో అసలు ప్రాణం ఏదో దాన్నే తీసేశారన్నమాట. మీ పుల్ రిక్వెస్ట్‌ని ఎవరో మిమ్మల్ని అడక్కుండా తిరగరాసి, మీ పేరుతోనే మెర్జ్ చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఆవిడ గొడవ పడుతూ కూర్చోలేదు. 1958లో సొంతంగా ఒక చిన్న న్యూస్‌లెటర్ మొదలెట్టారు. తన సూచనలు తన మాటల్లో, పోస్టులో నేరుగా అల్లేవాళ్ళకి. మధ్యలో ఎడిటర్ లేడు. తర్వాత స్కూల్‌హౌస్ ప్రెస్ అని సంస్థ పెట్టారు. భార్యాభర్తలు పాత బడి భవనాన్ని ఇల్లుగా మార్చుకుని ఉండేవారు, ఆ పేరు అందుకే. పోస్టులో ఊలు, సూదులు, పుస్తకాలు అమ్మేవారు. బతుకుదెరువు అది.

ఇక ఫార్ములా. ఆవిడ పెట్టుకున్న శాతాల పద్ధతి ఇదీ. ముందు చిన్న ముక్క అల్లి అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో చూసుకో. (ఆ ముక్క వృథా ఎందుకు, టోపీ అల్లేసుకో అనేవారు, నాకు ఇది భలే నచ్చింది.) దాన్ని ఛాతీ కొలతతో గుణించు. వచ్చిందే 100 శాతం. మిగతావన్నీ దాన్లోంచే. మణికట్టు దగ్గర చెయ్యి సుమారు 20 శాతం, భుజం దగ్గరికి వచ్చేసరికి 33, చంక కింద 8, మెడ 40. అంగుళానికి 5 కుట్లు, 40 అంగుళాలు అంటే ఒళ్ళు 200, మణికట్టు 40, పై చెయ్యి 66, చంక 16, మెడ 80. ఊలు లావుది, అంగుళానికి 4 కుట్లే పడుతున్నాయా? ఒళ్ళు 160, మణికట్టు 32, పై చెయ్యి 53, చంక 13, మెడ 64. ప్యాటర్న్ మార్చలేదు, ఒక్క ఇన్‌పుట్ మార్చాం.

ఈ పద్ధతిలో లోపం లేదా అంటే ఉంది. మనుషులు ఫోటోల్లా సమానంగా పెద్దవ్వరు. ఛాతీ 40 నుంచి 60 అంగుళాలైతే మణికట్టు కూడా ఒకటిన్నర రెట్లు లావెక్కదు. అందుకే ఇప్పటి డిజైనర్లు శాతాల మీదే ఆధారపడకుండా ఒక్కో సైజుకి విడిగా కొలతలు చూసుకుంటారు. ఆవిడ కూడా అంకెల్ని దేవుడి వాక్కులా పట్టుకోమనలేదు. మీ అల్లికకి మీరే యజమాని అన్నది ఆవిడ ధోరణి. 1971లో వచ్చిన 'నిట్టింగ్ వితౌట్ టియర్స్' పుస్తకం అంతటా ఇదే కనిపిస్తుంది. అందులో ఆర్డర్ కంటే కబుర్లు ఎక్కువ.

తను కనిపెట్టానని కూడా ఆవిడ గట్టిగా చెప్పుకోలేదు. వందల ఏళ్ళుగా లక్షల చేతులు అల్లుతున్నాయి, ఈ ఉపాయం ఎవరికో ఎప్పుడో తట్టే ఉంటుంది అని, 'ఇన్‌వెంట్' మాటని 'అన్‌వెంట్' అని మార్చి వాడేవారు. నార్వే సంప్రదాయంలోని ఒక పద్ధతి కూడా వాడేవారు. స్వెటర్‌ని మూసిన గొట్టంలా అల్లి, మధ్యలో మెషీన్‌తో కుట్లు వేసి, కత్తెరతో నిలువునా కోసేయడం. ముందు బొత్తాలుండే స్వెటర్ తయారు. మొదటిసారి చూసేవాళ్ళకి గుండె జారిపోతుంది.

నాకు ఆవిడ డిజైన్లలో ఇష్టమైనది 1968 నాటి బేబీ సర్‌ప్రైజ్ జాకెట్. చంటిపిల్లల జాకెట్ అది. అల్లుతున్నంతసేపూ వంకర టింకర గుడ్డలా ఉంటుంది, ఏంటిది అనిపిస్తుంది. అయిపోయాక రెండు మడతలు పెడితే చేతులున్న జాకెట్ అయిపోతుంది. కుట్టాల్సింది భుజాల మీద మాత్రమే. సన్నటి ఊలుతో అల్లితే పొత్తిళ్ళ బిడ్డకి, అదే కుట్ల లెక్క లావు ఊలుతో అల్లితే నడిచే పిల్లాడికి. తర్వాత దాన్ని పెద్దవాళ్ళ సైజుకీ మలిచారు.

డబ్బు సంగతి ఒకటి మాట్లాడుకోవాలి. ఇంట్లో కూర్చుని ఆడవాళ్ళు చేసే అల్లికని లోకం కాలక్షేపంగానే లెక్కేస్తుంది. మన నరసాపురం లేసే చూడండి. అది నిట్టింగ్ కాదు, ఒక్క కొక్కెం సూదితో చేసే క్రోషే, దగ్గర చుట్టం అనుకోండి. 2024లో జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం. కానీ 1982లోనే మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు అక్కడి ఆడవాళ్ళ మీద పుస్తకం రాశారు. విదేశాలకి ఎగుమతయ్యే సరుకు చేస్తున్నవాళ్ళని పనివాళ్ళుగా కాక, తీరిక వేళ ఏదో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టి కూలి తక్కువిచ్చారని ఆవిడ చూపించారు. డిజైన్ ఎవరిది, కొనేవాడితో మాట్లాడేది ఎవరు అన్నది ఎందుకంత ముఖ్యమో దీన్నిబట్టి తెలుస్తుంది. జిమ్మర్‌మన్ తన మాటని, తన పోస్టు చిరునామాని తన చేతిలోనే ఉంచుకున్నారు.

ఒక అనుమానం రావచ్చు. ఫార్ములా ఇచ్చేస్తే ఇక రెండో ప్యాటర్న్ ఎవరు కొంటారు? న్యూస్‌లెటర్ తర్వాత 'ఊల్ గ్యాదరింగ్' అని పేరు మార్చుకుని కొనసాగింది. పబ్లిక్ టీవీలో పాఠాలు చెప్పారు, 1974 నుంచి వేసవిలో నిట్టింగ్ క్యాంపులు పెట్టారు. ఆవిడ 1999 నవంబరులో, 89వ ఏట పోయారు. కూతురు మెగ్ స్వాన్సన్ స్కూల్‌హౌస్ ప్రెస్‌ని కొనసాగించారు.

ఇప్పటి డిజైనర్ పని దాదాపు మన ఆఫీసు పనే. గీసిన బొమ్మ, నమూనా ముక్క, ఎనిమిదో పదో సైజులకి ఎక్సెల్ షీట్‌లో లెక్కలు, ఆ లెక్కల్ని సరిచూసే టెక్ ఎడిటర్, విడుదలకి ముందు అల్లి చూసి తప్పులు పట్టే టెస్ట్ నిట్టర్లు. 2007లో రావెల్రీ అనే వెబ్‌సైట్ వచ్చింది, జెస్సికా, క్యాసిడీ ఫోర్బ్స్ అనే దంపతులు మొదలెట్టారు. క్యాసిడీ ప్రోగ్రామర్. డిజైనర్లు అక్కడ తమ ప్యాటర్న్‌ని పీడీఎఫ్‌గా నేరుగా అమ్ముకుంటారు. అల్లినవాళ్ళు ఏ ఊలు వాడారో, ఎక్కడ ఏం మార్చారో అదే పేజీకి కలుపుతారు. బేబీ సర్‌ప్రైజ్ జాకెట్ పేజీ తెరిచి చూడండి, ఒకే కుట్ల లెక్కతో ఎన్ని రంగులు, ఎన్ని సైజులు, ఎంతమంది చంటిపిల్లలో.

వచ్చే వారం ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.